సైగలే తెలిసిన కుక్క

2001వ సంవత్సరం, ఫిబ్రవరి నెల. సైన్యంలో కుక్కల హ్యాండ్లర్‌గా పనిచేసి, పింఛనుతో బయటికి వచ్చి, అప్పటికి నేను బందరులో చిలకలపూడి వైపు ఒక పాత పెంకుటింట్లో అద్దెకు ఉంటున్నాను. హ్యాండ్లర్ అంటే కుక్కకు నేర్పేవాడూ, దానితో కలిసి డ్యూటీ చేసేవాడూ ఒకడే అన్నమాట. మా వీధిలో అన్నీ రోల్డ్‌గోల్డ్ నగలు చేసే ఇళ్ళు. తెల్లారితే ప్రతి గుమ్మంలోంచీ సన్నటి సుత్తి దెబ్బలు వినిపించేవి. నా ఇంట్లోంచి మాత్రం కుక్కల అరుపులు.

నాకు పని ఎక్కువగా బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల వాళ్ళ నుంచి వచ్చేది. చెరువు గట్టు మీద కాపలాకి అల్సేషన్‌నో డాబర్‌మన్‌నో కొనుక్కొచ్చి, అది వాళ్ళనే కరవబోతే నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. కొన్ని నెలలు నా దగ్గర పెట్టుకుని, కూర్చోవడం, ఆగడం, పిలిస్తే రావడం నేర్పి తిరిగి పంపేవాణ్ణి. ఈ పనిలో ఒక చిత్రం ఉంది. వెళ్ళే రోజున కుక్క వెనక్కి తిరిగి చూడకుండా యజమాని వెంట జీపు ఎక్కిపోతేనే మనం పని బాగా చేసినట్టు. ఆ సాయంత్రం ఖాళీ గిన్నె కడిగి బోర్లిస్తుంటే ఇల్లు ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పుకునేది కాదు. పెళ్ళి చేసుకోలేదు కనుక చెప్పుకోవడానికి ఇంట్లో మరో మనిషీ లేదు.

వీధి చివర ఎస్టీడీ బూత్‌కి ఒకరోజు నాకోసం ఫోన్ వచ్చింది. పామిడిముక్కల దగ్గర ఒక ఊళ్ళో రైస్‌మిల్లు ఉన్న వెంకటరత్నం గారు చేశారు.

"మాస్టారూ, మీరు కుక్కలకి ట్రైనింగ్ ఇస్తారటగా. మా కుక్కచేత నోరు మూయించాలండి. అంతే. ఇంకేం నేర్పక్కర్లేదు."

"ఎప్పట్నుంచి అరుస్తోందండీ?"

"మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి."

మర్నాడు విజయవాడ బస్సెక్కి, దారిలో దిగి, ఆటోలో ఆ ఊరు చేరాను. మిల్లు ఊరి మొదట్లో ఉంది. ఇల్లు మిల్లుకి ఆనుకునే ఉంది. ఊక గాల్లో తేలుతోంది. మిల్లు ఆడుతున్నంతసేపూ ఇంటి కిటికీ అద్దాలు సన్నగా అదురుతూనే ఉన్నాయి. వెంకటరత్నం గారు యాభై దాటిన మనిషి. పొడుగ్గా, కొంచెం వంగి ఉన్నారు. మిల్లు చప్పుడులో పెరిగిన చెవులు కదా, ఎదుటివాడి మాట వినడానికి మొహం ముందుకు చాపేవారు. కానీ ఇంట్లోకి అడుగుపెడితే ఆయనకు చిన్న చప్పుడైనా పనికిరాదు. పగలంతా ఆ మోతలో ఉండి వచ్చేసరికి తల పగిలిపోయేదట. అందుకని ఆ ఇంట్లో టీవీ పెట్టేవారు కాదు. రేడియో ఉంది గానీ దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఇదంతా ఆయన ఏదో గొప్పగానో తప్పుగానో చెప్పలేదు. మా ఇంటి పద్ధతి ఇదండీ అన్నట్టు చెప్పారు.

కుక్క పెరట్లో, పశువుల కొట్టం పక్కన గొలుసుతో కట్టేసి ఉంది. పేరు టైగర్. ఐదారేళ్ళ మగ అల్సేషన్. భార్య పోయినప్పుడు వచ్చేపోయే జనం ఎక్కువై అక్కడ కట్టేశారు. మళ్ళీ విప్పలేదు. లాగిలాగి మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి పుండు పడింది. అన్నం పెట్టబోయిన మిల్లు గుమస్తా చేతిని అంతకుముందు వారమే కరిచిందట.

"ఉగాది దాకా చూస్తానండీ," అన్నారు వెంకటరత్నం గారు. "అప్పటికీ మారకపోతే ఇంజక్షన్ చేయించేస్తాను. పశువులాసుపత్రి కంపౌండరుతో మాట్లాడేశాను. సాయంత్రం నాలుగైందంటే మొదలుపెడుతుంది. చీకటి పడేదాకా ఆపదు. నేను మనిషినేగా."

ఆయన గొంతులో కోపం కన్నా అలుపే ఎక్కువ వినిపించింది.

కరిచే కుక్క దగ్గరికి ఎదురుగా వెళ్ళకూడదు. కళ్ళలోకి చూడకూడదు. పక్కకి తిరిగి, గొలుసు అందనంత దూరంలో నేల మీద కూర్చుని, ఉడకబెట్టిన కార్జం ముక్కలు ఒక్కొక్కటే దాని వైపు విసురుతూ పోయాను. మొదటి పూట అంతా అంతే. నా సంచిలో మజిల్ ఉంది. అంటే మూతికి తొడిగే తోలు బుట్ట. చోక్ చైన్ కూడా ఉంది. అది లాగితే మెడకు బిగుసుకుని, వదిలితే సడలే గొలుసు. ఆ రోజుల్లో మా వృత్తిలో అందరికీ మొదటి పనిముట్టు అదే. కానీ ఆ పుండు మీద దాన్ని వెయ్యడానికి మనసొప్పలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, అది నన్ను దగ్గరికి రానిచ్చాక, మజిల్ తొడిగి, పుండుకు మందు రాసి, వీపు మీదుగా ఛాతీ కిందుగా తాడు కట్టి, గొలుసు తీసేశాను.

తర్వాత పాఠం మొదలుపెట్టాను. "సిట్" అన్నాను. కదల్లేదు. గట్టిగా అన్నాను. తెలుగులో "కూర్చో" అన్నాను. ఉహూఁ. అది నా మొహం వైపు చూడనే లేదు. నా చేతులనే చూస్తోంది. చెవుడేమోనని అనుమానం వచ్చి, అది అటు తిరిగి ఉన్నప్పుడు తాళాల గుత్తి కింద పడేశాను. ఒక్క ఉదుటున లేచి ఇంటి వైపు పరిగెత్తబోయింది. తాడు పట్టుకోకపోతే లోపలికి దూసుకుపోయేదే. వంటింటి గుమ్మం వైపే చూస్తూ నిలబడి, తోక మెల్లగా రెండుసార్లు ఊపి, ఆపేసింది.

వినపడుతోంది. మరి మాట ఎందుకు వినదు?

ఎండగా ఉంది. మిల్లు ఆగినట్టుంది, వెంకటరత్నం గారు పెరట్లోకి వస్తున్నారు. ఆయనతో "కాస్త ఆగండి" అన్నట్టు అరచేతిని నేల వైపు తిప్పి మెల్లగా దించాను. అంతే, నా పక్కనున్న టైగర్ కడుపు నేలకు ఆనించి, ముందు కాళ్ళ మీద గడ్డం పెట్టి పడుకుంది. ఊపిరి కూడా వినపడనంత మెత్తగా.

సైన్యంలో మేమూ హ్యాండ్ సిగ్నల్స్ నేర్పుతాం. అంటే మాట లేకుండా చేతి సైగతో చెప్పడం. కానీ అది మాటతో నేర్పిన తర్వాత వచ్చే మెట్టు. మాటే లేకుండా, ముందు నుంచీ సైగతోనే పెరిగిన కుక్కను నేను అప్పటిదాకా చూడలేదు.

"దీనికి ఎవరు నేర్పారండీ?" అని అడిగాను.

"ఎవరు నేర్పుతారు? ఇంట్లో ఉండేది. సుగుణే అన్నం పెట్టేది. ఆవిడకి ట్రైనింగ్ ఏం తెలుసు?"

"ఆవిడ ఉన్నప్పుడు అరిచేదా?"

ఆయన ఆలోచించారు. "లేదండీ. నాకు తెలిసి ఎప్పుడూ అరవలేదు." అనేసి, ఆ మాట తనకే కొత్తగా వినిపించినట్టు ఆగిపోయారు. "అసలు ఇంట్లో కుక్క ఉందన్న సంగతే నాకు గుర్తుండేది కాదు."

ఆ తర్వాత రెండు మూడు సార్లు వెళ్ళి, ఒక్కో సైగా వెతికి పట్టుకున్నాను. ఇంట్లో ఆడవాళ్ళు పడుకున్నవాళ్ళకి నిద్రాభంగం కాకుండా చేసుకునే సైగలు ఎలా ఉంటాయో అవన్నీ వరసగా చేసి చూశాను. వేలు ముక్కు మీద పెడితే అరుపు ఆపేది. తొడ మీద మెల్లగా తడితే వచ్చి ఎడమ పక్కన నిలబడేది. చెయ్యి చెంపకు ఆనించి తల వాలిస్తే గోనెపట్టా మీదికి వెళ్ళి పడుకునేది. ఎంత ఓపికగా నేర్పిందో ఆ తల్లి. కానీ దూరాన ఉన్న కుక్కను పిలిచే సైగ మాత్రం దొరకలేదు. దాన్ని రికాల్ అంటాం. ఏ కుక్కకైనా ప్రాణం నిలబెట్టే పాఠం అదే. కుక్క మన వైపు చూడనప్పుడు సైగ కనబడదు కదా. అంటే ఏదో చప్పుడు ఉండి తీరాలి.

"రత్నం గారూ, మీరు పడుకుని ఉంటే అన్నానికి ఆవిడ మిమ్మల్ని ఎలా పిలిచేవారు?"

"పిలిచేది కాదండీ," అన్నారు. "గుమ్మం దగ్గర నిలబడి..." చెయ్యి గాల్లోకి ఎత్తి, మణికట్టు మెల్లగా ఆడించి చూపించారు. "గాజులు. అలా చప్పుడు చేస్తే లేచేవాణ్ణి."

లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఒక జత గాజులు తెచ్చారు. మా చిలకలపూడి గాజులే. మెరుగు కాస్త పోయి ఉన్నాయి. ఆయనే గుమ్మంలో నిలబడి ఆడించారు. పెరటి చివరనున్న టైగర్ దూకుతూ వచ్చింది. వచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన చేతిలోని గాజులు వాసన చూసింది. తర్వాత ఆయన్ని తప్పించుకుని, ఆయన వెనక గుమ్మంలోకి మెడ చాపి చూసింది. వంటిల్లు, నడవ, మళ్ళీ వంటిల్లు. చాలాసేపు చూసింది. వెంకటరత్నం గారు గాజులు పట్టుకున్న చెయ్యి దించలేకపోయారు.

"ఇంక దీన్ని వాడొద్దండీ," అన్నాను. "వాడితే వస్తుంది. కానీ వచ్చిన ప్రతిసారీ ఆవిడ కోసం వెతుకుతుంది. కనబడకపోయేసరికి కొన్నాళ్ళకి రావడమూ మానేస్తుంది. మనం కొత్త పిలుపు నేర్పుదాం."

ఆయన తలూపి గాజులు లోపల పెట్టేసి వచ్చారు. అప్పుడే మొదటిసారి, "వాడికి నేనే అన్నం పెడతాను, మీరు పక్కన ఉండండి," అన్నారు. గిన్నె కింద పెట్టి, తొడ మీద తట్టారు. కాస్త మోటుగా తట్టారు. అయినా అది వచ్చింది.

నాలుగింటి అరుపు సంగతి ఇంకా తేలలేదు. వేలు ముక్కు మీద పెడితే ఆపుతుంది. కానీ ఎందుకు అరుస్తోందో తెలియకుండా నోరు మూయించడం మంచి పద్ధతి కాదు. నొప్పి ఉన్నా, ఆకలి ఉన్నా, అలవాటైన పని ఏదో ఆగిపోయినా కుక్క చెప్పగలిగేది అలాగే. అందుకని ఒక రోజు ఆ వేళకి లాంగ్ లైన్ కట్టాను. అది నూలుతో పేనిన పొడవాటి తాడు. కుక్కను నడిపించకుండా, కుక్క వెనకే మనం నడవడానికి దాన్ని వాడతాం. వెంకటరత్నం గారిని కూడా రమ్మన్నాను. మిల్లు దగ్గర లారీ ఉంది, కుదరదన్నారు. మళ్ళీ ఏమనుకున్నారో, చెప్పులు వేసుకుని వచ్చారు.

టైగర్ అటూ ఇటూ చూడలేదు. గేటు దాటి, కాలవ వంతెన మీదుగా, చర్చి పక్క సందులోంచి నేరుగా ఊరి సెంటర్‌కి తీసుకెళ్ళింది. అక్కడ బస్సు ఆగేచోట సిమెంటు అరుగు ఒకటి ఉంది. దాని కొస కింద, నీడలో, ఎవరో చోటు చూపించినట్టు వెళ్ళి పడుకుంది.

అరుగు పక్కనే ఒక ముసలామె జామకాయలు అమ్ముతోంది. పేరు నాంచారమ్మ. కుక్కను చూడగానే బుట్ట పక్కకు జరిపేసి, "ఒరే నాయనా, వచ్చావా! ఇన్నాళ్ళూ ఏవైపోయావురా!" అని దాని తల నిమిరింది. గుమస్తాను కరిచిన కుక్క కళ్ళు మూసుకుంది. అప్పుడు ఆవిడ తలెత్తి మిల్లు యజమానిని చూసి కంగారుగా లేచి నిలబడింది.

"కూర్చో నాంచారమ్మా," అన్నారాయన. "మా కుక్క నీకు తెలుసా?"

"తెలవకపోవడమేంటి బాబుగారూ. అమ్మగారు రోజూ తీసుకొచ్చేవోరు కదండీ. ఇక్కడే కూర్చునేవోరు."

"ఇక్కడా? ఎందుకు? ఎక్కడికి వెళ్ళడానికి?"

"ఎక్కడికీ ఎళ్ళేవోరు కాదండీ. అవనిగడ్డ నుంచి బస్సొస్తది కదండీ, ఎండు చేపల గంపలోళ్ళు దిగుతారు. ఆళ్ళతో మాట్లాడేవోరు. దివి మాట చెవిన పడితే పుట్టింటికి ఎళ్ళొచ్చినట్టుంటదే నాంచారీ, అనేవోరు."

సుగుణమ్మ గారిది దివిసీమ అని అప్పుడే నాకు తెలిసింది. తర్వాత వెంకటరత్నం గారే చెప్పారు. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆవిడ పుట్టిల్లు మొత్తం పోయింది. అమ్మా నాన్నా, తమ్ముడూ. అప్పటికి ఆవిడకు పెళ్ళై కొన్ని నెలలే అయింది. ఈ ఇంట్లో ఉండబట్టి ఆవిడ మిగిలింది. ఆ తర్వాత వెళ్ళడానికి ఆవిడకు ఊరే లేదు. పిల్లలూ కలగలేదు.

"సుగుణ మాట్లాడేదా?" అన్నారాయన నాంచారమ్మతో.

"అయ్యో, ఏమడిగారు బాబుగారూ! అమ్మగారు నోరిప్పితే బస్సెళ్ళిపోతన్నా ఎవురికీ తెలిసేది కాదు. ఎంత నవ్వించేవోరో! ఆ గంపలోళ్ళని ఒక్కొక్కళ్ళని ఎక్కిరించి చూపించేవోరండీ. మీ మిల్లు కూత కూడా కూసేవోరు." అనేసి నాంచారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అనకూడని మాట అన్నానేమోనని భయపడినట్టుంది.

ఆయన అరుగు మీద, సుగుణమ్మ గారు కూర్చునేచోట కూర్చున్నారు. బస్సు వచ్చింది. గంపలతో ఆడవాళ్ళు దిగారు. కేకలేసుకుంటూ దిగినవాళ్ళు ఆయన్ని చూడగానే గొంతు తగ్గించారు. ఒకరిద్దరు దణ్ణం పెట్టి, ఆ చివరికి వెళ్ళి గుసగుసగా మాట్లాడుకోసాగారు. టైగర్ ఒక్కొక్కరి చీర అంచూ వాసన చూసి, మళ్ళీ వచ్చి పడుకుంది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆయన ఒకే మాట అన్నారు.

"ఇరవై మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నామండీ మాస్టారూ. ఆవిడ నవ్వు ఎలా ఉంటుందో ఆ జామకాయల ఆవిడకి తెలుసు."

తాడు చుట్ట చుట్టుకుంటూ పక్కనే నడిచాను.

మిగతా పని తేలిగ్గానే సాగింది. కొత్త రికాల్‌కి పేరే వాడాం. ఆయన "టైగర్" అని పిలవడం, రాగానే కార్జం ముక్క ఇవ్వడం. మొదట్లో ఆయన గొంతు పెగిలేది కాదు. ఇంట్లో గొంతెత్తడం ఆయనకీ అలవాటు లేదు కదా. "గట్టిగా పిలవండి, పెరటి చివరికి వినబడాలి," అని నేను వెంటపడేవాణ్ణి. కుక్క కన్నా ఆయనకు నేర్పడానికే ఎక్కువ కాలం పట్టింది. ఉగాది వచ్చేసరికి మెడ పుండు మానింది. కంపౌండరు ప్రసక్తి మళ్ళీ రాలేదు.

చివరిసారి వెళ్ళినప్పుడు నేర్పినవన్నీ ఒకసారి సరిచూద్దామన్నాను. కూర్చోబెట్టారు, ఆపారు, పిలిచారు. అన్నీ బాగున్నాయి. అప్పుడు మిల్లు గేటు దగ్గరికి ఎవరో కొత్త మనిషి వస్తే టైగర్ మొరగడం మొదలుపెట్టింది.

"సైగ చేయండి," అన్నాను.

ఆయన వేలు ముక్కు మీద పెట్టారు. టైగర్ మధ్యలోనే ఆపేసి, ఆయన మొహం వైపు చూస్తూ నిలబడింది. మిల్లుకి ఆ రోజు సెలవు. చప్పుడు లేదు. ఇంట్లో గడియారం కొట్టుకోవడం పెరట్లోకి వినిపించింది. ఆయన వేలు అలాగే ఉంచి కొంతసేపు నిలబడ్డారు. నన్ను పిలిపించింది ఆ నిశ్శబ్దం కోసమే.

"సరిగ్గా వచ్చింది కదండీ," అన్నాను.

"వచ్చింది." వేలు దించారు. "ఇంక ఇది చెయ్యనండీ మాస్టారూ. దీన్ని సుగుణ నా కోసమే నేర్పింది. తను కూడా నా కోసమే నేర్చుకుంది." కుక్క వైపు తిరిగి, పెరటి చివరికి వినబడేంత గట్టిగా, "అరవరా," అన్నారు. దానికి ఆ మాట తెలియదు. తోక ఊపుతూ చూసింది.

తర్వాత ఒకసారి చల్లపల్లిలో పని చూసుకుని విజయవాడ బస్సులో వెళ్తూ, కిటికీలోంచి ఆ సెంటర్ చూశాను. ఆయన అరుగు మీద ఉన్నారు, టైగర్ నీడలో ఉంది. నాంచారమ్మ బుట్ట సర్దుకుంటోంది. గంపలవాళ్ళు కొంచెం ఎడంగా నిలబడి మాట్లాడుకుంటున్నారు, మునుపటంత మెల్లగా కాదు. ఆయన మొహం కాస్త ముందుకు చాపి వింటున్నారు. చెయ్యి ఊపుదామనుకునే లోపే బస్సు కదిలింది.

మా వృత్తిలో కుక్క చేసే తప్పు ఏమిటని ముందు అడుగుతాం. దాన్ని మాన్పించడానికి ఏ పనిముట్టు తియ్యాలా అని సంచిలో చెయ్యి పెడతాం. ఆ ఇంటి తర్వాత నేను ముందు అడిగేది వేరు. ఈ ఇంట్లో దీనితో రోజంతా ఎవరున్నారు, వాళ్ళు దీనితో ఏం మాట్లాడేవారు అని. కుక్కకు వచ్చిన అలవాట్లన్నీ ఒక మనిషి రోజులే. ఆ మనిషిని తెలుసుకోకుండా అలవాటు మాన్పిస్తే, ఆ రోజులు కాస్తా చెరిగిపోతాయి. ఈ ప్రశ్నకు చాలా ఇళ్ళలో జవాబు రాదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు నేను లాంగ్ లైన్ కట్టి, గేటు తీసి, కుక్క ఎటు వెళ్తుందో చూస్తూ దాని వెనక నడుస్తాను.